చీటీ లేని రాయి

గత శీతకాలంలో ఒక శుక్రవారం సాయంకాలపు తెలుగు తరగతి ముగిసింది. అందరూ కోట్లు తొడుక్కొంటున్న వేళ పదేళ్ళ బాలుడొకడు నా దగ్గరికి వచ్చి, జేబులోంచి ఒక రాయి తీసి నా అరచేతిలో పెట్టాడు. అది పాత రూపాయి బిళ్ళకంటె పెద్దది కాదు. నల్లగా, పరిమాణానికి మించిన బరువుతో, చుట్టలు చుట్టుకొని ఉంది. చుట్ట పొడవునా దువ్వెన పళ్ళవంటి ఉబ్బెత్తు గీతలు ఉన్నాయి. వాళ్ళ కుటుంబం సెలవులకు డోర్సెట్ తీరంలోని చార్మత్ గ్రామానికి వెళ్ళినప్పుడు గులకరాళ్ళ నడుమ దొరికిందట. "తాతగారూ, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు.

ఆ తరగతిలో నేను గురువును కాను, విద్యార్థిని. ముప్పయి ఏళ్ళకు పైగా ఈ దేశపు బడులలో భూగోళశాస్త్రాన్ని ఇంగ్లీషులో బోధించి, ఉద్యోగ విరమణ తరువాత అచ్చులూ హల్లులూ దిద్దుకొన్నవాణ్ణి. ఆ రాయి పేరు అమ్మోనైట్ అని నాకు తెలుసు. తెలుగులోనూ ఆ పేరే వాడుకలో ఉన్నదని చెప్పాను. కాని చెబుతూ ఉండగానే నా మనస్సులో మరొక మాట మెదిలింది. మారిషస్‌లో మా నాయనమ్మ పూజాపీఠం మీద, ఇత్తడి పళ్ళెంలో తులసిదళం కింద ఒక నల్లని గుండ్రాయి ఉండేది. దానిని ఆమె సాలగ్రామం అనేది.

ఈ రెండు రాళ్ళూ ఒకే కుదురుకు చెందినవి. ఒకటి ఇంగ్లండు సముద్రతీరాన, మరొకటి హిమాలయ నదీగర్భాన పుట్టినట్లు కనబడినా, రెండింటి లోపలా ఉన్నది ఒకే వంశపు ప్రాణి. ఆ ప్రాణి చరిత్రను, దానిని ఏరి గుర్తుపట్టడం నేర్చిన మనుషుల చరిత్రను మన పిల్లల కోసం ఈ వ్యాసంలో చెప్పదలచాను. దానితో బాటు, నేను చేసిన ఒక పొరపాటు కూడ చెప్పవలసి ఉంది.

ఆ ప్రాణి ఏది?

అమ్మోనైట్ చూపునకు నత్తలాగా ఉంటుంది, కాని నత్త కాదు. నత్తగుల్ల లోపల అంతా ఒకే గది. అమ్మోనైట్ గుల్లలో అడ్డుగోడలు ఉంటాయి. ప్రాణి పెరిగేకొద్దీ ముందుకు జరుగుతూ, వెనుక ఒక గోడ కట్టుకొని ఆ గదిని మూసివేసేది. చిట్టచివరి గదిలో మాత్రమే అది నివసించేది. వెనుకటి గదులన్నింటి గుండా సన్నని నాళం ఒకటి సాగేది. దాని సాయంతో గదులలోని నీటిని తొలగించి వాయువు నింపుకొని, నీటిలో తేలుతూ తిరిగేది. దానికి దగ్గరి చుట్టాలు నేటి ఆక్టోపస్, స్క్విడ్ వంటి ప్రాణులు. నాటిలస్ అనే గుల్లప్రాణి ఈనాటికీ బ్రతికి ఉన్నది. అది అమ్మోనైట్‌ను పోలినా, బంధుత్వంలో ఇంకొంచెం దూరం.

ఈ కుదురు పుట్టి సుమారు 40 కోట్ల సంవత్సరాలు. ట్రయాసిక్ యుగాంతంలో అది దాదాపు నశించి, కొద్దిపాటి శేషంతో బయటపడింది. తరువాత వచ్చిన జురాసిక్ యుగంలో, అంటే సుమారు 20.1 కోట్ల ఏళ్ళ నుంచి 14.5 కోట్ల ఏళ్ళ క్రితం వరకు, వందల రూపాలుగా విస్తరించి ప్రపంచ సముద్రాలన్నింటా నిండింది. గోరంత గుల్లలు ఉన్నాయి. పోర్ట్‌లండ్ దీవి సున్నపురాతిలో దొరికే టైటనైటిస్ వంటివి అర మీటరు వెడల్పును కూడ దాటుతాయి. చివరికి 6.6 కోట్ల ఏళ్ళ క్రితం, రాక్షసబల్లులు అంతరించిన కాలంలోనే అమ్మోనైట్లు కూడ అంతరించాయి.

కొమ్ము, పాము, శిల

ప్రజలు ఈ రాళ్ళను ఎప్పుడూ చూస్తూనే ఉన్నారు. చూసిన ప్రతివారూ తమకు తెలిసిన దానితో పోల్చుకొన్నారు. ప్రాచీన ఈజిప్టు దేవత అమ్మోన్‌కు పొట్టేలు కొమ్ములు ఉండేవి. మొదటి శతాబ్దపు రోమన్ పండితుడు ప్లినీ వీటిని అమ్మోన్ కొమ్ములు అన్నాడు. నేటి అమ్మోనైట్ అనే పేరు అక్కడినుంచే వచ్చింది.

యార్క్‌షైర్ తీరంలోని విట్బీ పట్టణంలో వీటిని పాములు అన్నారు. ఏడవ శతాబ్దంలో అక్కడి మఠాన్ని పాలించిన హిల్డా అనే సన్యాసిని ఆ నేలలోని పాములన్నింటినీ రాళ్ళుగా మార్చివేసిందని కథ. పాము అన్న తరువాత తల ఉండాలి కదా! అందుచేత అక్కడి శిల్పులు అమ్మోనైట్ల కొసన తలలు చెక్కి యాత్రికులకు అమ్మేవారు. విట్బీ పట్టణపు చిహ్నంలో ఈనాటికీ మూడు చుట్టలు కనబడతాయి.

పదిహేడవ శతాబ్దంలో రాబర్ట్ హుక్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కథలకు భిన్నమైన మాట చెప్పాడు. ఇవి ఒకప్పుడు సజీవంగా ఉన్న ప్రాణుల గుల్లలనీ, అటువంటి ప్రాణులు ఇప్పుడు లేవంటే కొన్ని జాతులు పూర్తిగా నశించి ఉండవచ్చుననీ ఆయన తలచాడు. ఆయన మరణించిన తరువాత, 1705లో, ఆ వ్యాసాలు అచ్చయ్యాయి. సృష్టిలోని జాతి ఏదీ నశించదని పెద్దలు నమ్మే కాలంలో అది సాహసమైన ఆలోచన. పాత నాణేలను చూసి రాజుల కాలాన్ని తెలుసుకొన్నట్లే, ఈ గుల్లలను చూసి భూమి చరిత్రను తెలుసుకోవచ్చునని కూడ ఆయన ఆశించాడు. ఆ ఆశ ఫలించడానికి మరి నూరేళ్ళు పట్టింది.

లైమ్ రీజిస్ వడ్రంగి కూతురు

చార్మత్ పక్కనే లైమ్ రీజిస్ అనే చిన్న రేవు ఉన్నది. అక్కడ 1799లో మేరీ అన్నింగ్ జన్మించింది. తండ్రి వడ్రంగి. కొండచరియల కింద దొరికే రాతిచుట్టలను ఏరి, శుభ్రం చేసి, సముద్రస్నానానికి వచ్చే ధనికులకు అమ్మి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. పిల్లలకు కూడ ఆ పని నేర్పాడు. 1810లో అప్పులు మిగిల్చి ఆయన మరణించాడు. అప్పటికి మేరీకి పదకొండేళ్ళు. కుటుంబం ఊరి ధర్మనిధి సాయంతో బ్రతకవలసి వచ్చింది. రాళ్ళు ఏరడం ఆమెకు వినోదం కాదు, జీవనోపాధి.

1811లో అన్న జోసెఫ్ ఒక వింత జంతువు తలను కనుగొన్నాడు. మరుసటి ఏడు మేరీ దాని మిగిలిన దేహాన్ని కనుగొన్నది. అది ఇక్తియోసార్ అనే సముద్ర సరీసృపం. 1823లో ఆమె పూర్తి ప్లీసియోసార్ అస్థిపంజరాన్ని వెలికితీసింది. 1833లో కొండచరియ విరిగిపడి ఆమె వెంట తిరిగే కుక్క ట్రే కళ్ళ ఎదుటనే మరణించింది. ఆమె కొద్దిలో తప్పించుకొన్నది. అయినా ఆ పని మానలేదు, మానితే పొయ్యి వెలగదు.

ఆమె కనుగొన్న వాటిని కొన్నవారు పెద్దమనుషులు. వాటిని గురించి సభలలో వ్యాసాలు చదివినవారు కూడ వారే. 1824లో ప్లీసియోసార్‌ను లండన్ భూగర్భశాస్త్ర సంఘంలో వివరించినప్పుడు ఆమె పేరు వినబడలేదు. ఆ సంఘంలో స్త్రీలకు సభ్యత్వం లభించింది 1919లో. 1847లో మేరీ మరణించింది. మరుసటి ఏడు సంఘాధ్యక్షుడు డి లా బెష్ తన వార్షిక ప్రసంగంలో ఆమెను స్మరించాడు. సభ్యురాలు కాని వ్యక్తిని అలా స్మరించడం అసాధారణం. ఆమె పుట్టిన ఇంటి స్థలంలో నేడు పట్టణ మ్యూజియం ఉన్నది. 2022లో లైమ్ రీజిస్‌లో ఆమె విగ్రహాన్ని ఆవిష్కరించారు.

చెరకుతోటలలో పని చేసినవారి వంశంలో పుట్టినవాణ్ణి నేను. ఒకరు వంగి ఏరితే మరొకరు నిలబడి పేరు పొందడం మాకు కొత్త కాదు. మారిషస్‌లో చెరకు చేల నడుమ నల్లరాళ్ళ గుట్టలు నేటికీ ఉన్నాయి. సాగుకు నేలను సిద్ధం చేస్తూ కూలీలు చేతులతో ఏరి పేర్చిన రాళ్ళు అవి. ఏ గుట్ట మీదా పేరు లేదు.

రాళ్ళకు వరుస దొరికిన విధం

మేరీ తీరాన రాళ్ళు ఏరుతున్న కాలంలోనే విలియం స్మిత్ అనే కొలతల ఉద్యోగి దేశమంతా తిరుగుతున్నాడు. ఆయన పల్లెటూరి కమ్మరి కొడుకు. బాత్ పట్టణ పరిసరాలలో బొగ్గు గనులను పరిశీలిస్తూ, కాలువ తవ్వకాలను పర్యవేక్షిస్తూ ఒక సంగతి గమనించాడు. రాతిపొరలు ఎక్కడ చూసినా ఒకే వరుసలో ఉంటాయి. చూపునకు రెండు పొరలు ఒకేలా ఉన్నా, వాటిలోని శిలాజాలు వేరువేరుగా ఉంటాయి. శిలాజాన్ని చూసి పొరను గుర్తుపట్టవచ్చు. ఈ సూత్రం ఆధారంగా 1815లో ఇంగ్లండు, వేల్స్ దేశాల భూగర్భ పటాన్ని ప్రచురించాడు. స్మిత్ కూడ అప్పులపాలై కొంతకాలం చెరసాలలో ఉన్నాడు. గౌరవం వార్ధక్యంలో గాని రాలేదు.

ఆ సూత్రానికి నిశితత్వం తెచ్చినవాడు జర్మనీకి చెందిన ఆల్బర్ట్ ఓపెల్. 1856 నుంచి 1858 వరకు భాగాలుగా వెలువడిన గ్రంథంలో ఆయన జురాసిక్ శిలలను సన్నని కాలఖండాలుగా విభజించాడు. ఒక్కొక్క ఖండానికి ఎక్కువగా ఒక అమ్మోనైట్ జాతి పేరు పెట్టాడు. 34వ ఏటనే, 1865లో, మరణించినా ఆయన చూపిన పద్ధతి నేటికీ నిలిచి ఉన్నది.

ఈ పనికి అమ్మోనైటే ఎందుకు తగినది? అది సముద్రాలలో దూరదూరాలకు వ్యాపించింది. త్వరత్వరగా రూపం మార్చుకొన్నది. ఒక రూపం వచ్చి, కొంతకాలం ఉండి, పోయి, మరొకటి వచ్చేది. అందుచేత ఐదున్నర కోట్ల ఏళ్ళ జురాసిక్ యుగాన్ని అమ్మోనైట్ల సాయంతో సగటున పది లక్షల ఏళ్ళకంటె తక్కువ ఖండాలుగా గుర్తించగలుగుతున్నారు. మన పంచాంగంలో సంవత్సరాలకు పేర్లు ఉన్నట్లు, ఆ రాతిపొరలకు అమ్మోనైట్ల పేర్లు ఉన్నాయనుకోవచ్చు. ప్రభవ, విభవ తిరిగి వస్తాయి గాని, పోయిన అమ్మోనైట్ తిరిగి రాదు. అదే దాని విలువ.

గుర్తించడం ఎలా?

ఇక ఆ బాలుని రాయి సంగతి. అతనితో కలిసి నేను నాలుగు ప్రశ్నలు వేసుకొన్నాను. పిల్లలు ఈ నాలుగూ నేర్చుకొంటే చాలు, సగం పని అయినట్లే.

మొదటి ప్రశ్న: ఎక్కడ దొరికింది? చార్మత్. అక్కడి బండలు తొలి జురాసిక్ కాలానివి. ఈ ఒక్క జవాబుతోనే వందల పేర్లు పక్కకు తొలగిపోయాయి.

రెండవ ప్రశ్న: చుట్ట ఎటువంటిది? కొన్నింటిలో లోపలి చుట్టలన్నీ తాడుచుట్టలాగా విడివిడిగా కనబడతాయి. కొన్నింటిలో బయటి చుట్ట లోపలివాటిని కప్పివేస్తుంది. బాలుని రాయిలో చుట్టలన్నీ కనబడుతున్నాయి.

మూడవ ప్రశ్న: గీతలు ఎలా ఉన్నాయి? గీతలే లేని నునుపైన గుల్లలు ఉన్నాయి. జురాసిక్ ఆరంభాన్ని సూచించే సైలోసెరాస్ ప్లానార్బిస్ అటువంటిది. కొన్నింటిలో గీతలు తిన్నగా ఉంటాయి, కొన్నింటిలో కొడవలిలాగా వంగుతాయి, కొన్నింటిలో చివర రెండుగా చీలుతాయి. కొన్నింటికి బొడిపెలు కూడ ఉంటాయి. మన రాయిలోని గీతలు తిన్ననివి, చీలనివి.

నాలుగవ ప్రశ్న: వెన్ను ఎలా ఉంది? రాయిని నిలబెట్టి బయటి అంచును చూడాలి. చార్మత్‌లోనే దొరికే ఆస్టెరోసెరాస్‌కు వెన్ను మీద గట్టు ఉంటుంది. ఆక్సినోటిసెరాస్ వెన్ను కత్తి అంచులాగా పదునుగా ఉంటుంది. విట్బీలో దొరికే హిల్డోసెరాస్‌కు, అనగా హిల్డా పేరు పొందిన దానికి, నడుమ గట్టూ ఇరుపక్కలా గాళ్ళూ ఉంటాయి. బాలుని రాయికి గట్టు లేదు. గీతలు వెన్ను మీదికి వచ్చి వెడల్పై చదునుగా మారాయి.

ఈ నాలుగు జవాబులూ కలిపితే పేరు వచ్చింది: ప్రోమైక్రోసెరాస్ ప్లానికోస్టా. రెండవ మాటకు అర్థం చదునైన పక్కటెముక అని. వయస్సు సుమారు 19.5 కోట్ల సంవత్సరాలు. బాలుడు ఆ పేరును తెలుగులో రాసుకొని, మూడుసార్లు తప్పు పలికి, నాలుగవసారి సరిగా పలికాడు.

ఇంకా లోతుకు వెళ్ళేవారు గుల్ల లోపలి గోడలు బయటి గోడను తాకిన చోట ఏర్పడే అతుకు రేఖలను చూస్తారు. నాటిలస్‌లో ఆ రేఖ సాదా వంపు. అమ్మోనైట్‌లో అది కొత్తిమీర ఆకు అంచులాగా చిక్కగా ముడతలు పడుతుంది. గుల్ల పైపొర ఊడిపోయిన రాళ్ళపై ఈ రేఖలు కనబడతాయి.

పండితులు కూడ పొరబడ్డారని పిల్లలకు చెప్పాలి. ఒకే పొరలో పెద్ద గుల్ల ఒకటి, చిన్న గుల్ల ఒకటి దొరికితే వేరువేరు జాతులని తలచి వేరువేరు పేర్లు పెట్టారు. 1962లో పోలండుకు చెందిన మకోవ్‌స్కీ, 1963లో ఇంగ్లండుకు చెందిన క్యాలమన్, ఇటువంటి జంటలు అనేకం ఒకే జాతిలోని ఆడ, మగ అని చూపారు. భార్యాభర్తలను రెండు వేరు కులాలుగా నమోదు చేసినట్లయింది!

ఏరడానికి వెళ్ళేవారికి కొన్ని జాగ్రత్తలు. ముందుగా ఆటుపోట్ల పట్టిక చూడండి. ఆటు సమయంలో, నీరు తీస్తున్నప్పుడు వెళ్ళి, పోటు రాకమునుపే తిరిగి రండి. కొండచరియ కిందికి వెళ్ళకండి. తడిసిన చరియలు చెప్పకుండా జారుతాయి. చరియలను తవ్వవద్దు, ఒడ్డున విడిగా పడి ఉన్నవాటినే ఏరండి. శీతకాలపు తుపానుల తరువాత కొత్త రాళ్ళు బయటపడతాయి. చార్మత్‌లోని హెరిటేజ్ కోస్ట్ కేంద్రంలో దొరికినదాన్ని చూపితే ఏమిటో చెబుతారు. డోర్సెట్, తూర్పు డెవన్ తీరంలో 95 మైళ్ళ మేర 2001 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అరుదైనవి దొరికితే అక్కడ నమోదు చేయించడం మర్యాద మాత్రమే కాదు, అక్కడి ఏరుడు నియమావళిలోని మాట.

నా అట్టపెట్టె

ఇప్పుడు నా పొరపాటు. ఉపాధ్యాయ వృత్తిలో చేరిన తొలి ఏళ్ళలో నేను లైమ్‌కూ, చార్మత్‌కూ, విట్బీకీ పిల్లలను తీసుకొని వెళ్ళేవాణ్ణి. సెలవులలో ఒంటరిగానూ వెళ్ళేవాణ్ణి. మేము పుట్టిన దీవి అగ్నిపర్వతాల వలన ఏర్పడినది. దాని వయస్సు కోటి ఏళ్ళ లోపు. అక్కడి నల్లరాతిలో అమ్మోనైట్ దొరకదు. కనుక ఇక్కడ రాయి పగిలి చుట్ట కనబడిన ప్రతిసారీ నాకు నిధి దొరికినట్లుండేది. తెచ్చినవన్నీ ఒక బూట్ల అట్టపెట్టెలో వేసేవాణ్ణి. ఎక్కడ దొరికినదో గుర్తుంటుందిలే అనుకొన్నాను.

పదేళ్ళ తరువాత ఒక మ్యూజియం ఉద్యోగికి ఆ పెట్టె చూపించాను. ఆయన ఒక్కొక్కటే చేతిలోకి తీసుకొని, "ఇది ఎక్కడిది?" అని అడిగాడు. నేను సగానికి జవాబు చెప్పలేకపోయాను. హిల్డోసెరాస్ వంటివి తమ వయస్సును తామే చెప్పుకొన్నాయి. అరిగిపోయిన ముక్కలు మాత్రం మూగవైపోయాయి. "అందమైనవే. కాని చీటీ లేని రాయి అలంకారానికి పనికివస్తుంది, చరిత్రకు పనికిరాదు" అని ఆయన మృదువుగా అన్నాడు.

ఇంకొక నష్టం కూడ జరిగింది. నాకు అన్నింటికంటె ఇష్టమైనది పైరైట్‌గా మారిన ఒక చిన్న అమ్మోనైట్. పైరైట్ బంగారువన్నెతో మెరిసే ఇనుము, గంధకాల ఖనిజం. దానిని మంచినీటిలో బాగా కడిగి, ఉప్పు పోగొట్టి, పూర్తిగా ఆరబెట్టి, తేమ తగలకుండా దాచాలి. నేను ఆ పని చేయలేదు. తేమగాలి తగిలి అది లోలోపల కుళ్ళి, ఆమ్లం పుట్టి, బూడిదరంగు పొడిగా రాలిపోయింది. కింద పరచిన కాగితాన్ని కూడ ఆ ఆమ్లం తినివేసింది. 19 కోట్ల ఏళ్ళకు పైగా నిలిచినది నా బీరువాలో పదేళ్ళు నిలువలేదు.

కచ్ఛ్ నుంచి బూదవాడ దాకా

ఈ రాళ్ళకూ మన తెలుగునేలకూ సంబంధం ఉన్నదా అని మీరు అడగవచ్చు. ఉన్నది. ఆ దారి జర్మనీ నుంచి గుజరాత్ మీదుగా వస్తుంది. ఓపెల్ శిష్యుడు విలియం వాగెన్ భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరి, కచ్ఛ్ ప్రాంతపు జురాసిక్ అమ్మోనైట్లను 1873 నుంచి 1875 వరకు వివరించాడు. యూరప్‌లో గురువు చూపిన కాలవరుస భారతదేశపు రాళ్ళకు కూడ వర్తిస్తుందా అని పరీక్షించాడు. చాలవరకు వర్తించింది. ఒకే సముద్రకాలం రెండు దేశాల రాళ్ళలో పలికింది.

వాగెన్ పనిని 1927 నుంచి 1933 వరకు తిరగరాసినవాడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు చెందిన లెనార్డ్ ఫ్రాంక్ స్పాత్. ఈ స్పాత్ 1920లలో చార్మత్ చరియల అమ్మోనైట్లను కూడ పరిశీలించినవాడే. ఆయన బల్ల మీదికే మన కోస్తా ఆంధ్ర నుంచి కూడ కొన్ని అమ్మోనైట్లు చేరాయి. ఒంగోలు ప్రాంతంలోని బూదవాడ గ్రామపు ఇసుకరాతిలో దొరికిన ఒక జాతికి ఆయన 1933లో పాస్కోయైటిస్ బుడవాడెన్సిస్ అని పేరు పెట్టాడు. అది జురాసిక్ కాలానిది కాదు, ఆ వెంటనే వచ్చిన తొలి క్రెటేషియస్ కాలానిది. ఆనాడు మన తూర్పుతీరానికి సముద్రం వచ్చి పోయిన గుర్తు అది.

ఆ పేరును నేను మొదటిసారి చదివినప్పుడు చాలసేపు చూస్తూ కూర్చున్నాను. తెలుగు ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాలలోకి వెళ్ళి, లాటిన్ తొడుగు తొడుక్కొని, బూదవాడ కాస్తా బుడవాడ అయింది. అయినా ఊరు పోలేదు. ఉచ్చారణ తప్పినా, ఎవరో స్థలం పేరు రాసిపెట్టారు కనుక, తొంభై ఏళ్ళ తరువాత పటం మీద వేలు పెట్టి చూపగలుగుతున్నాం.

నాయనమ్మ సాలగ్రామం

సాలగ్రామాలు దొరికేది నేపాల్‌లోని గండకీ నదిలో. ముక్తినాథ్ పరిసరాలలో, 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున, జురాసిక్ యుగాంతపు నల్లని పలకరాతి పొరలు ఉన్నాయి. అవి టెథిస్ అనే ప్రాచీన సముద్రపు అడుగుబురద. భారత ఉపఖండం ఉత్తరానికి జరిగి ఆసియాను ఢీకొన్నప్పుడు ఆ సముద్రపు అడుగు పైకి లేచి పర్వతమయింది. ఆ పొరలలో గట్టి రాతి ఉండలు ఉంటాయి. ఉండ నడుమ తరచుగా బ్లాన్‌ఫర్డిసెరాస్ వంటి అమ్మోనైట్ ఉంటుంది. నది వాటిని కోసి, దొర్లించి, నునుపు చేసి దిగువకు తెస్తుంది. ఉండలోని చుట్టనే మనవారు చక్రమన్నారు.

మన పెద్దలు కూడ వాటిని జాగ్రత్తగా పరిశీలించి వర్గీకరించారు. ద్వారాలు ఎన్ని, చక్రాలు ఎన్ని, రంగు ఏది, రేఖలు ఎలా ఉన్నాయి అని చూసి, సుదర్శనమనీ, దామోదరమనీ, లక్ష్మీనారాయణమనీ పేర్లు పెట్టారు. పురాణాలలో ఈ లక్షణాల పట్టికలు ఉన్నాయి. వారి ప్రయోజనం పూజ, ఓపెల్ ప్రయోజనం కాలనిర్ణయం. కాని రాయిని చేతిలోకి తీసుకొని తిప్పి చూడడం, రేఖలు లెక్కించడం, పోల్చి పేరు పెట్టడం ఇద్దరూ చేసినదే.

నాయనమ్మ రాయి ఇప్పుడు నా దగ్గర ఉన్నది. భూతద్దంతో దాని ద్వారంలోకి చూస్తే అర చుట్ట, వెలుపలికి పోతూ రెండుగా చీలిన గీతలు కనబడతాయి. అమ్మోనైట్ అనడంలో సందేహం లేదు. వయస్సు సుమారు 15 కోట్ల ఏళ్ళు. జాతి పేరు చెప్పాలంటే వెన్ను కనబడాలి, అది రాతిలో ఉన్నది. రెండు ముక్కలుగా కోయిస్తే తెలుస్తుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. నాయనమ్మ ప్రతి ఉదయం నీళ్ళు పోసిన రాయిని కోయించి తెలుసుకొనే పేరు నాకు అవసరం లేదు.

నన్ను బాధించేది మరొకటి. ఆ రాయి మా ఇంటికి ఎలా వచ్చింది? ముత్తాత కొరంగి రేవులో ఓడ ఎక్కినప్పుడు మూటలో తెచ్చాడని మా పెద్దత్త అనేది. అలా కాదు, తరువాత కాలంలో ఒక యాత్రికుడు ఇచ్చి వెళ్ళాడని నాన్నగారు అనేవారు. నాయనమ్మను అడిగి ఉంటే తెలిసేది. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆమె పోయింది. నేను అడగలేదు, ఎవరూ రాయలేదు. 15 కోట్ల ఏళ్ళ నాటి సంగతి చెప్పగల రాయి, నూట యాభై ఏళ్ళ నాటి సంగతి చెప్పలేకపోతున్నది.

మన చీటీలు

మారిషస్‌లోని మోకాలో, మహాత్మా గాంధీ సంస్థలో, ఒప్పంద కూలీల రిజిస్టర్లు భద్రపరచి ఉన్నాయి. నేను వెళ్ళి చూశాను. ఓడ దిగిన ప్రతివారికీ ఒక సంఖ్య. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటిమీది మచ్చ, జిల్లా, ఊరు. ముత్తాత వరుస దొరికింది. జిల్లా తెలిసింది. ఊరి పేరు మాత్రం గుమాస్తా చెవికి వినబడినట్లు రాసినది. పటాలన్నీ వెదికాను, ఇంతవరకు కుదరలేదు. అయినా ఆ గుమాస్తా మీద నాకు కోపం లేదు. అతడు రాశాడు కనుకనే వెదకడానికి ఏదో ఒకటి మిగిలింది. బూదవాడ దొరికినట్లు అదీ ఒకనాడు దొరకవచ్చు. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమయింది. అమ్మోనైట్లు దొరికే డోర్సెట్ తీరానికీ అదే గౌరవం. ఆ రెండు తీరాలకూ నేను ఋణపడి ఉన్నాను.

ఆ శుక్రవారం బాలుణ్ణి వెంటనే పంపలేదు. ఒక చిన్న అట్టముక్క ఇచ్చి, దొరికిన చోటు, తేదీ, ఏరినవారి పేరు, రాయి పేరు రాయమన్నాను. తెలుగులో రాశాడు. చార్మత్ అనే మాటలో త కింద ఒక ఒత్తు అదనంగా పడింది. దిద్దుదామనుకొని ఊరుకొన్నాను. ఊరు తెలుస్తూనే ఉన్నది. ఆ చీటీని రాయితో బాటు ఒక డబ్బాలో పెట్టి మూత వేశాడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ వేసవిలో పిల్లలను చార్మత్‌కు తీసుకొని వెళ్ళండి. అంతకుముందు ఒక ఆదివారం, మీ ఇంటి పూజామందిరంలోనో, వంటింటి అలమారలోనో ఉన్న ఒక పాత వస్తువును, చెంబో, దీపమో, రుబ్బురోలో, పిల్లల ముందు పెట్టండి. అది ఎవరిది, ఏ ఊరిది, ఎవరు ఏ ఏట తెచ్చారు అన్నది ఇంట్లోని పెద్దవారిని అడిగి, పిల్లల చేత తెలుగులో ఒక చీటీ రాయించండి. అక్షరదోషాలకు వెరవవద్దు. మన తరగతిలో అటువంటి చీటీలకు ఒక పెట్టె ఉంచాం. నాయనమ్మ సాలగ్రామం చీటీ అందులో మొదటిది. ఊరు అన్న చోట ఖాళీ వదిలిపెట్టాను.